మా అమ్మాయి చెప్పబోయింది, నేను చెప్పనివ్వలేదు

మా అమ్మాయికి 15 ఏళ్లు. నిరుడు దాకా బడి నుంచి రాగానే నా వెనకాలే తిరుగుతూ అన్నీ చెప్పేది. ఇప్పుడు బ్యాగు పడేసి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటుంది. "ఏమైందమ్మా?" అంటే "ఏం లేదు". మొన్న రాత్రి 11 దాటాక తనంతట తనే వచ్చి నా మంచం అంచున కూర్చుంది. స్నేహితురాళ్లు తనను గ్రూపులోంచి తీసేశారట. "అలాంటివాళ్లతో నీకెందుకు, చదువు చూసుకో" అనేశాను. లేచి వెళ్లిపోయింది. విసురుగా తలుపు వేసినా బాగుండేది, చప్పుడు కాకుండా వేసుకుంది. అదే నన్ను తినేస్తోంది. మళ్లీ వస్తుందా?

ఇద్దరు మగపిల్లల తండ్రి:
వస్తుందండీ. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ చిన్నప్పటికన్నా ఆలస్యంగా విడుదలవుతుంది. మనకు కళ్లు మూతలు పడే వేళకు వాళ్లకు నోరు పెగులుతుంది. రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమే, కాదనను. కానీ అలా వచ్చిన రాత్రి మాత్రం గడియారం చూడకండి. మా పెద్దవాడైతే ఎదురుగా కూర్చోబెడితే ఒక్క ముక్క మాట్లాడడు. కారులో పక్కన కూర్చుంటే, నా చూపు రోడ్డు మీద ఉంటే చెబుతాడు.

బడిలో కౌన్సెలర్‌ని:
ముందు క్షమాపణ చెప్పండి. "నువ్వు చెబుతుంటే వినకుండా సలహా ఇచ్చేశాను, తప్పు నాది" అంటే చాలు. "కానీ నీ మంచికే" అని తోక తగిలించొద్దు. ఆ వయసులో తోటివాళ్లు వెలివేస్తే కలిగే నొప్పి చిన్నది కాదు. బాధను ఒప్పుకున్నంత మాత్రాన ఇంటి నియమాలు వదిలేసినట్టు కాదు, ఫోను పక్కన పెట్టే వేళ ఎప్పటిలాగే ఉండనివ్వండి. ఒకటి మాత్రం గమనించండి: రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే, తిండి, నిద్ర దెబ్బతింటే డాక్టరుకు చూపించండి. చనిపోవాలన్న మాట వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు, తనను ఒంటరిగా వదలొద్దు.

అడిగిన అమ్మనే:
నిన్న చెప్పాను. "సరేలే" అంది, ఫోన్లోంచి తలెత్తలేదు. నేను అక్కడే కూర్చుని బట్టలు మడతపెట్టాను. చాలాసేపటికి, ఆ గ్రూపులో ఒకమ్మాయిని మాత్రం వదులుకోలేనంది. "ఎందుకు" అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. తనే చెప్పింది.