సాయంత్రం ఆకలికి మరమరాలా, పల్లీలా? బరువు తగ్గేవాళ్లకి ఏది నయం?

మియాపూర్ మెట్రో
బరువు తగ్గాలని అన్నం తగ్గించాను, స్వీట్లు మానేశాను. మధ్యాహ్నం దాకా బాగానే ఉంటుంది. ఐదయ్యేసరికి ఆఫీసులో ప్రాణం లాగేస్తుంది. అప్పుడు ఎవరైనా సమోసాలు తెప్పించారంటే ఇక అంతే. ఇంటి నుంచి డబ్బాలో ఏదైనా పెట్టుకెళ్దామంటే తలా ఒక మాట చెబుతున్నారు. అత్తయ్య మరమరాలు తినమంటారు, తేలికగా ఉంటాయని. జిమ్ ట్రైనర్ "వాటిలో గాలి తప్ప ఏముంది, పల్లీలు తినండి" అంటాడు. మా ఆయన అసలు చిరుతిండే మానెయ్యమంటున్నారు. మీరు ఎవరి పక్షం?

సీమ బిడ్డ
అత్తయ్య పక్షం. గిన్నె నిండా బొరుగులు (మీ మరమరాలే) పోసి తూకం వేస్తే 20 గ్రాములు వస్తాయి. అంటే 70 క్యాలరీల చిల్లర. అందులో ఉల్లిపాయ, టమాటా, కీర, పచ్చిమిర్చి సన్నగా తరిగి వేసి నిమ్మకాయ పిండండి. తిన్నట్టూ ఉంటుంది, నోరూ ఊరుకుంటుంది. అదే 70 క్యాలరీలకి పల్లీలు 12 గ్రాములు వస్తాయి. నోట్లో వేసుకునేలోపే అయిపోతాయి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, నానబెట్టిన బొరుగులతో చేసే ఉగ్గాని తిని "బొరుగులే కదా" అనుకోవద్దు. తిరగమాత నూనె, పుట్నాల పొడి, పక్కన మిరపకాయ బజ్జీ. మా కర్నూల్లో బజ్జీ లేకుండా ఉగ్గాని పెడితే ప్లేటు వెనక్కి పంపుతారు!

గుప్పెడు పల్లీలు
సీమ బిడ్డ గారూ, మీ లెక్క కరెక్టే. ఆరున్నరకి మళ్లీ ఆకలేస్తే ఏం చేయాలి? మరమరాలంటే దాదాపు అంతా పిండిపదార్థమే, ఇట్టే అరిగిపోతాయి. 30 గ్రాముల పల్లీలకి 170 క్యాలరీలు, నిజమే, ఎక్కువే. కానీ 7 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంటుంది, పీచూ కొవ్వూ ఉంటాయి. నేను అవి తిన్న రోజు రాత్రి రెండోసారి అన్నం పెట్టుకోను. ఐదు గంటలకి ఎంత తిన్నాం అన్నది ఒక్కటే చూస్తే ఎలా? పడుకునే దాకా మొత్తం ఎంత తిన్నామో చూడాలి.

సీమ బిడ్డ
30 గ్రాముల దగ్గర ఆగితే కదండీ. పల్లీల డబ్బా తెరిచి గుప్పెడుతో ఆపిన మనిషిని నేనింకా చూడలేదు.

లెక్కల పిచ్చి
మరమరాలంటే "తక్కువ క్యాలరీలు" అని ఇద్దరూ తేల్చేశారు. దేశంలో ఆహార ప్రమాణాలు చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద లో క్యాలరీ అని వేసుకోవాలంటే, ఘన పదార్థమైతే 100 గ్రాములకు 40 క్యాలరీలు మించకూడదు. మరమరాలు, మఖానా, పుట్నాలు, ఏది తీసుకున్నా 350 అటూ ఇటూ ఉంటాయి. పల్లీలైతే 560 దాటుతాయి. జామకాయ కూడా 60 పైనే. ఆ గీత కింద మిగిలేవి కీర, టమాటా, పుచ్చకాయ లాంటి నీళ్లున్న సరుకే. ఎండు సరుకు ఏదైనా కొంచెం తింటేనే తక్కువ, అది మరమరాలైనా సరే.

ఇక షాపుల్లో అమ్మే "డైట్ మిక్చర్" సంగతి. ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. చాలావాటిలో నూనె పేరు రెండో మూడో స్థానంలో కనిపిస్తుంది. పదార్థాల పేర్లు బరువు ఎక్కువున్న వరుసలోనే వేయాలి కాబట్టి అందులో ఏం ఎక్కువుందో అక్కడే తెలిసిపోతుంది. క్యాలరీలు తక్కువగా కనిపిస్తే పక్కనే "ఒక సర్వింగ్‌కి" అని ఉందేమో చూడండి. 30 గ్రాముల లెక్క వేసి 150 గ్రాముల ప్యాకెట్ అమ్ముతారు. మఖానా చెడ్డదేం కాదు. కానీ కిలో వెయ్యి పైన పెట్టి కొన్నాక నెయ్యిలో వేయించుకునేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది. టేబుల్ స్పూన్ నెయ్యి అంటేనే 110 క్యాలరీలకు పైన.

మూడు పూటలు చాలు
నేను మీ ఆయన పక్షం అమ్మా. ఐదింటికి వేసేది ఆకలి కాదు, అలవాటు. పైగా ఎవరూ టీ ఊసెత్తలేదు. ఆఫీసులో రెండు టీలు, కప్పుకి రెండు స్పూన్ల పంచదార అనుకుంటే 20 గ్రాములు అక్కడే అయిపోయింది. మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజు మొత్తానికి 20-25 గ్రాములు దాటవద్దంది. ముందు అది తగ్గించండి. మా చిన్నప్పుడు ఈ స్నాక్సూ లేవు, ఈ పొట్టలూ లేవు.

కరీంనగర్ తమ్ముడు
ఎందుకు లేవన్నా? మా నాయనమ్మ పొలం కాడ మక్క కంకులు కాల్చుకొని తినేది, ఇంట్లో శనగలు, పెసర్లు నానబోసి గుడాలు ఉడకబెట్టేది. ప్యాకెట్ల రాలేదు కాబట్టి మీకు స్నాక్ అనిపిస్తలేదు గంతే. మెట్రో అక్కా, నా ఓటు గుడాలకే. ఎండు శనగలు 30 గ్రాములు రాత్రి నానబెట్టి పొద్దున ఉడకబెట్టుకో. 110 క్యాలరీలు దాటవు, నీళ్లు పట్టి గిన్నె నిండుతుంది, ప్రొటీనూ ఉంటది. ఉల్లిగడ్డ, నిమ్మకాయ చాలు. పోపు పెట్టకు.

మూడు పూటలు చాలు
పొలం పనికీ కీబోర్డు పనికీ తేడా లేదా తమ్ముడూ? ఆవిడ తిన్నది పగలంతా వంగి కలుపు తీస్తేనే కరిగింది.

కరీంనగర్ తమ్ముడు
అందుకే 30 గ్రాములు అన్న. ఆమె తిన్నంత తినమనలే.

షుగర్ మనిషి
చదివేవాళ్లలో నాలాంటి వాళ్లుంటే ఒక మాట. ఒట్టి మరమరాలు షుగర్‌ని గబుక్కున పెంచుతాయి. మీటర్‌లో నేను చూస్తూనే ఉంటాను. ఉడికించిన శనగలో, మొలకలో కలిపితే కొంత నయం. అలాగే ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్లు "మూడు పూటలు చాలు" గారి మాట విని సాయంత్రం తిండి మానేయకండి. షుగర్ పడిపోతే అదో టెన్షన్. డాక్టర్‌ని అడిగాకే మానండి.

మూడు పూటలు చాలు
అది ఒప్పుకుంటాను. నేను చెప్పింది మందుల్లేని వాళ్లకి.

మియాపూర్ మెట్రో
అందరికీ థాంక్స్. నాకు షుగర్ లేదు. టీలో పంచదార ఒక స్పూన్‌కి తగ్గిస్తాను. సోమవారం నుంచి గుడాలు, సీమ బిడ్డ గారు చెప్పినట్టు కీర, టమాటా కలిపి. కానీ మా టీమ్ మీటింగ్ ఐదున్నరకి, చిన్న గదిలో పదిమంది. శనగలతో గ్యాస్ సంగతి ఎవరూ చెప్పలేదేం?

కరీంనగర్ తమ్ముడు
నానబెట్టిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లల్ల ఉడకబెట్టు అక్కా, చాలా తగ్గుతది. ఇంకా భయముంటే పెసర్లు చేసుకో.

సీమ బిడ్డ
లేదా మీటింగ్ ఉన్న రోజు బొరుగులు.

గుప్పెడు పల్లీలు
బొరుగులు నములుతుంటే ఆ చిన్న గదిలో మేనేజర్ మాట ఎవరికైనా వినపడుతుందా?