ఫ్లోరెన్స్ నుంచి ఒక్కరోజులో మూడు ఊళ్లు: అమ్మానాన్నలతో కారులో కుదురుతుందా?

కృష్ణలంక_కుర్రాడు: ఏప్రిల్ చివర్లో అమ్మానాన్నలను ఇటలీ తీసుకెళ్తున్నాను. నేనుండేది మ్యూనిక్‌లో. ఫ్లోరెన్స్‌లో నాలుగు రోజులుంటాం. ఒకరోజు అద్దె కారు తీసుకుని పొద్దున శాన్ జిమిన్యానో, మధ్యాహ్నం వోల్తెర్రా, సాయంత్రం సియెనా చూసి రాత్రికి వెనక్కి రావాలని ప్లాన్. నాన్నకు 71, మోకాళ్ల నొప్పులు. ఎవరైనా ఇలా వెళ్లారా?

ఓరుగల్లు_రహదారి: నేను వెళ్లాను తమ్ముడూ, కుదురుతుంది. చుట్టూ తిరిగొస్తే దాదాపు 220 కిలోమీటర్లు. సియెనా నుంచి ఫ్లోరెన్స్‌కు నాలుగు లేన్ల రోడ్డు, టోల్ లేదు. పొద్దున 7:30కి బయల్దేరండి. శాన్ జిమిన్యానోలో ఒకప్పుడు 72 బురుజులు ఉండేవంటారు, ఇప్పుడు 14 మిగిలాయి. టూరిస్టు బస్సులు దిగకముందే చూడాలి. బస్సులో వెళ్తే పోజిబోన్సిలో దిగి ఇంకో బస్సెక్కాలి. పెద్దవాళ్లతో అది నరకం.

పెన్నా_తీరం: జెడ్‌టీఎల్ గురించి ఎవరూ చెప్పరేం? అంటే పాత ఊళ్లలోకి బయటి కార్లు వెళ్లకూడదు. అడుగుపెట్టగానే కెమెరా నంబరు పట్టేస్తుంది. మాకు జరిమానా ఐదు నెలల తర్వాత పోస్టులో వచ్చింది. దారి తప్పి ఒకే సందులోకి రెండుసార్లు వెళ్లామని రెండు జరిమానాలు! కారు అద్దెకిచ్చినవాళ్లు మా వివరాలు ఇచ్చినందుకు వాళ్ల ఫీజు వేరే. సియెనాకు ఫ్లోరెన్స్ నుంచి నేరుగా బస్సుంది. ఒక్క ఊరు చాలు.

ఓరుగల్లు_రహదారి: తెల్ల బోర్డు మీద ఎర్ర గుండ్రం కనిపిస్తే ఆగిపోవాలి, అంతే. సియెనాలో సాంతా కాతెరినా పార్కింగ్‌లో పెట్టండి. అక్కడి నుంచి ఎస్కలేటర్లు కొండ మీదికి, కెథెడ్రల్ దగ్గరిదాకా తీసుకెళ్తాయి. మోకాళ్లకు ఇబ్బంది ఉండదు.

బందరు_లడ్డు: లైసెన్స్ ఎక్కడిది? ఇండియాదైతే ఇంటర్నేషనల్ పర్మిట్ కావాలి.

కృష్ణలంక_కుర్రాడు: జర్మన్ లైసెన్సేనండీ.

పెన్నా_తీరం: ఎస్కలేటర్ దిగాక? సియెనాలో ఏ వీధైనా ఎక్కుడో దిగుడో. కాంపో మైదానం కూడా గిన్నెలా వాలి ఉంటుంది. ఇక ఆ బోర్డు సంగతి. ముందు ట్రాఫిక్, వెనక హారన్లు, పక్కన జీపీఎస్ "కుడికి తిరగండి" అంటుంటే అది కనపడదు. మాకు కనపడలేదు.

ఓరుగల్లు_రహదారి: మీకు జరిమానా పడిందని ఊళ్లో వాళ్లందరినీ బస్సెక్కమంటారా? నేను మూడుసార్లు నడిపాను, ఒక్క చీటీ రాలేదు. చూసుకుని నడపడం రానివాళ్ల మాట విని ఇంకొకరు ట్రిప్పు పాడుచేసుకోవాలా?

సిరిసిల్ల_మగ్గం: అన్నా, కాస్త నెమ్మది.

పెన్నా_తీరం: నడపడం నాకు బాగానే వచ్చు. నా బాధ డబ్బు గురించి కాదు. ఆ రోజు కారులో మా నాన్నగారున్నారు. నేను నాలుగు ఊళ్లు పెట్టుకున్నాను. మూడో ఊరికే ఆయన "మీరెళ్లి రండమ్మా" అని కారులో ఉండిపోయారు. నేను వాచీ చూసుకుంటూ పరిగెత్తాను. మరుసటి ఏడాది ఆయన పోయారు. ఆయన చొక్కా జేబులో ఆనాటి పార్కింగ్ చీటీ దొరికింది. ఇంటికొచ్చాక చెప్పుకోవడానికేమో, వెనకవైపు ఊళ్ల పేర్లు తెలుగులో రాసుకున్నారు. రెండు పేర్లున్నాయి. మూడో అంకె వేసి ఖాళీగా వదిలేశారు. అందుకే ఒక్క ఊరు అంటున్నాను.

ఓరుగల్లు_రహదారి: అక్కా, క్షమించండి. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ కారులో కూర్చుంటే చూసినట్టు కాదంటే మాత్రం నేను ఒప్పుకోను. మా అమ్మ జన్మంతా పొలంలోనే పనిచేసింది. వోల్తెర్రా దారిలో గోధుమ చేలు కనిపించగానే కారు ఆపించింది. గట్టు మీద నిలబడి, ఒక వెన్ను తెంపకుండా వేళ్ల మధ్య పట్టి చూసి, "మట్టి తెల్లగుందిరా, అయినా బాగా పండింది" అంది. సియెనాలో ఆ పెద్ద కెథెడ్రల్‌ను ఇంకా పెంచబోతే 1348లో ప్లేగు వచ్చి ఆగిపోయిందని, ఆ మొండి గోడ చూపించి చెప్పాను. తలూపింది. ఇప్పటికీ అడిగేది మాత్రం ఆ చేను గురించే. బస్సయితే అక్కడ ఆగేదా?

పెన్నా_తీరం: మీ అమ్మగారు ఆపమన్నారు, మీరు ఆపారు. మా నాన్నగారు ఏ రోజూ ఆపమని అడగలేదు. నేనూ ఆయన్ని అడగలేదు.

కృష్ణలంక_కుర్రాడు: నేనూ ఇప్పటిదాకా అమ్మానాన్నలను అడగలేదు. ఇందాకే ఫోన్ చేశాను. శాన్ జిమిన్యానో నడిబొడ్డున 1273 నాటి రాతి బావి ఉందని చెబితే నాన్న "దాని గట్టు మీద కూర్చోవచ్చా?" అన్నారు. అమ్మ అడిగింది ఒక్కటే, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చే వీలుంటుందా అని. కాబట్టి కారు ఉంటుంది, శాన్ జిమిన్యానో ఉంటుంది. వోల్తెర్రా తీసేస్తున్నాను. సియెనా సంగతి నాన్న మోకాళ్లను బట్టి.

ఓరుగల్లు_రహదారి: తీసేస్తే సియెనా తీసెయ్యి తమ్ముడూ, వోల్తెర్రా తీసెయ్యొద్దు! అక్కడ రోమన్లకంటే ముందున్న ఎట్రుస్కన్ల నాటి ద్వారముంది. 1944లో జర్మన్ సైన్యం పేల్చేస్తామంటే ఊరివాళ్లు వీధి రాళ్లు పెకలించి, ఒక్కరోజులో దాన్ని పూడ్చి కాపాడుకున్నారు. మీ నాన్నగారికి అది చెప్పి చూడు.

పెన్నా_తీరం: చెప్పండి. ఆయన వస్తానంటేనే వెళ్లండి.