చెత్త సినిమాలని చివరిదాకా కూర్చుని చూసే ఆ షో మీద మనకి ఎందుకింత ప్రేమ?

బాల్కనీ_సీటు (చిక్కడపల్లి):

అందరికీ నమస్తే. మిస్టరీ సైన్స్ థియేటర్ 3000 చూసేవాళ్ళు హైదరాబాద్‌లో ఎవరైనా ఉన్నారా అని ఎప్పటినుంచో అడగాలనుకుంటున్నా. తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తా. ఇద్దరు పిచ్చి సైంటిస్టులు ఒక మనిషిని అంతరిక్షంలో ఒక శాటిలైట్‌లో బంధించి, ఏ సినిమా చూస్తే వీడి బుర్ర చెడిపోతుందో కనిపెడదామని వరసగా పరమ చెత్త సినిమాలు చూపిస్తుంటారు. ఒంటరిగా ఉండలేక అతను తయారు చేసుకున్న రోబోలు క్రో, టామ్ సర్వో పక్క సీట్లలో కూర్చుంటాయి. మనకి సినిమా మొత్తం కనిపిస్తుంది, తెర అడుగున కుడివైపు వీళ్ళ ముగ్గురి నీడలు కనిపిస్తాయి, సినిమా నడిచినంతసేపూ ముగ్గురూ కామెంట్లు వేస్తూనే ఉంటారు. 1988 నవంబర్ 24న అమెరికాలో మినియాపొలిస్ దగ్గర కేటీఎంఏ అనే చిన్న లోకల్ ఛానల్లో మొదలై, ఛానళ్ళు మారుతూ, ఆగిపోతూ, మళ్ళీ లేస్తూ 200 ఎపిసోడ్లు దాటింది.

నాకు ఈ షో అంటే ప్రాణం. రాత్రి ఆఫీసు నుంచి వచ్చి అన్నం తింటూ ఒక ఎపిసోడ్ పెట్టుకుంటే రోజంతా ఉన్న టెన్షన్ దిగిపోతుంది. కానీ ఆఫీసులో ఎవరికి చెప్పినా ఒకటే మాట, "యూట్యూబ్‌లో పది నిమిషాల ట్రోల్ వీడియోలు బోలెడు ఉండగా దీనికోసం గంటన్నర ఎందుకురా?" అని. రెండూ ఒకటి కావని నాకు గట్టిగా తెలుసు. ట్రోల్ వీడియో చూశాక ఆ సినిమా మీద అసహ్యం మిగులుతుంది, ఈ షో చూశాక ఆ చెత్త సినిమా మీద కూడా ఒక రకమైన ఇష్టం మిగులుతుంది. మీకూ ఇలాగే అనిపిస్తుందా? ఇంకో విషయం, ఈ ఆదివారం మా తమ్ముడు, వాడి ఫ్రెండ్స్ మా ఇంటికి వస్తున్నారు, వాళ్ళకి చూపించాలని ఉంది. దేనితో మొదలుపెట్టమంటారు?

నేల_టికెట్ (ముషీరాబాద్):

అన్నా, నువ్వు ఆర్టీసీ క్రాస్ రోడ్స్ పక్కనే ఉంటూ ఈ ప్రశ్న అడిగావు కాబట్టి చెప్తున్నా, ఈ షోని మనకంటే బాగా అర్థం చేసుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. సంధ్యలోనో సుదర్శన్‌లోనో మ్యాట్నీకి వెళ్తే, సినిమా పడుకున్న తర్వాత ముందు వరసల్లోంచి ఎవడో ఒక కామెంట్ వేస్తాడు, హాలంతా గొల్లుమంటుంది, దానికి ఇంకో మూల నుంచి ఇంకొకడు అందుకుంటాడు. అప్పటిదాకా ఎవరికి వాళ్ళం టికెట్ డబ్బులు పోయాయని ఏడుస్తూ కూర్చున్నవాళ్ళం ఒక్కసారిగా ఒక గుంపు అయిపోతాం. ఈ షోలో ఉన్నది అదే సంతోషం. పది నిమిషాల ట్రోల్ వీడియోలో అది ఎక్కడి నుంచి వస్తుంది? అక్కడ వాడు సినిమాలోంచి నాలుగు ముక్కలు కోసి మనకి చూపిస్తాడు, ఇక్కడ వీళ్ళు మనతోపాటు కూర్చుని మొత్తం భరిస్తారు.

ఇంకోటి, చూడ్డానికి అప్పటికప్పుడు నోటికొచ్చింది అంటున్నట్టు ఉంటుంది గానీ వెనక ఉన్న పని మామూలుది కాదు. మొదట్లో కేటీఎంఏలో ఉన్నప్పుడు నిజంగానే చాలావరకు అప్పటికప్పుడు అనేవాళ్ళు. కేబుల్ ఛానల్‌కి వెళ్ళాక రచయితలందరూ ఒక గదిలో కూర్చుని సినిమాని మళ్ళీ మళ్ళీ చూసి, ఏ సెకండ్‌లో ఏ మాట పడాలో రాసుకునేవాళ్ళు. ఒక ఎపిసోడ్‌లో వందల జోకులుంటాయి, అయినా సినిమాలో డైలాగ్ మన చెవిన పడాల్సిన చోట నోరు మూసుకుంటారు, గమనించావో లేదో. ఒక చెత్త సినిమాని అంత శ్రద్ధగా, అన్నిసార్లు, దాన్ని తీసినవాళ్ళు కూడా చూసి ఉండరు. నువ్వు చెప్పిన ఆ ఇష్టం అక్కడి నుంచే వస్తుందని నా నమ్మకం.

షో సృష్టికర్త, మొదట్లో శాటిలైట్‌లో బందీగా తనే నటించిన జోయెల్ హాడ్జ్‌సన్ ఆ రోబోలని దేనితో చేశాడో తెలిస్తే ఇంకా ముచ్చటేస్తుంది. క్రోకి బౌలింగ్ పిన్ను, కళ్ళకి పింగ్‌పాంగ్ బంతులు, సర్వో తల బబుల్‌గమ్ ఉండలు వేసే బొమ్మ మెషిన్. ముందు కనిపించే సీట్ల వరస నల్లగా కత్తిరించిన అట్ట లాంటి ఫోమ్ బోర్డు. డబ్బుల్లేకుండా చేసిన షో, డబ్బుల్లేకుండా తీసిన సినిమాలని ఆటపట్టిస్తుంది. పైనుంచి కిందకి చూసి నవ్వడం అందులో ఎక్కడుంది?

సర్వో_చెల్లెలు (కూకట్‌పల్లి):

ఆదివారం సంగతి నేను చెప్తా, ఎందుకంటే మా హాస్టల్లో నేను కొంతమందిని ఈ షోలోకి లాగాను కాబట్టి. దయచేసి 'మానోస్: ద హ్యాండ్స్ ఆఫ్ ఫేట్'తో మొదలుపెట్టకండి. అది అన్నిటికంటే పేరున్న ఎపిసోడే, 1993లో వచ్చింది, ఇంటర్నెట్‌లో ఏ లిస్ట్ చూసినా పైనే ఉంటుంది. కానీ ఆ సినిమా ఎంత నత్తనడక అంటే, మొదటిసారి చూసేవాళ్ళు ఇరవై నిమిషాలకే ఫోన్లు తీస్తారు. అది అలవాటైనవాళ్ళకి.

ముందు ఒక షార్ట్ ఫిల్మ్ పెట్టండి. సినిమా నిడివి తక్కువైనప్పుడు వీళ్ళు పాతకాలం బోధనా చిత్రాలు, కంపెనీల ప్రచార చిత్రాలు కలిపేవాళ్ళు, షోలో అసలైన బంగారం అక్కడే ఉందని నేను గట్టిగా అంటాను. 'ఎ కేస్ ఆఫ్ స్ప్రింగ్ ఫీవర్' అని 1940లో తీసిన చిన్న చిత్రం ఉంది. ఒకాయన విసుగొచ్చి, లోకంలో స్ప్రింగులే లేకపోతే బాగుండు అంటాడు. వెంటనే కాయిలీ అనే ఒక చిన్న భూతం ప్రత్యక్షమై నిజంగానే స్ప్రింగులు మాయం చేస్తుంది, తలుపు పనిచెయ్యదు, ఫోన్ పనిచెయ్యదు, కారు కదలదు. దీని మీద జోక్ అర్థం కావడానికి అమెరికా గురించి ఏమీ తెలియక్కర్లేదు. ఎనిమిది తొమ్మిది నిమిషాల్లో అయిపోతుంది, మీ తమ్ముడి ఫ్రెండ్స్ నవ్వకపోతే నన్నడగండి.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే మనవాళ్ళకి అసలు అడ్డం అక్కడే వస్తుంది. ఆ షో రాసినవాళ్ళు మినసోటా, విస్కాన్సిన్ వైపు వాళ్ళు, వాళ్ళ ఊళ్ళ ఫుట్‌బాల్ టీములు, డెబ్భైల నాటి టీవీ సీరియళ్ళు, ఎవరికీ గుర్తులేని యాడ్లు, అన్నీ జోకుల్లో పడేస్తారు. సగం మనకి అందవు. నాకైతే ఒక జోక్ అందకపోయినా అది జోక్ అని లయని బట్టి తెలిసిపోతుంది, తర్వాత వెతికి తెలుసుకోవడం కూడా ఇష్టమే, కానీ కొత్తవాళ్ళకి అంత ఓపిక ఎందుకుంటుంది? తెర మీద కనిపించేదాని మీదే జోకులుండే ఎపిసోడ్లు ఎంచుకోండి. షార్ట్ అయ్యాక 'మిచెల్' పెట్టొచ్చు. పోలీసు సినిమా, కథ మనకి కొట్టినపిండి. పైగా జోయెల్ చివరి ఎపిసోడ్ అదే, అందులోనే అతను శాటిలైట్ నుంచి తప్పించుకుంటాడు. తర్వాత వారం నుంచి షోకి హెడ్ రైటర్‌గా ఉన్న మైక్ నెల్సన్ ఆ సీట్లో కూర్చుంటాడు. జోయెల్ గొప్పా మైక్ గొప్పా అనే గొడవ ఇక్కడ మొదలుపెట్టొద్దు ప్లీజ్, నేను జోయెల్ వైపు, అంతే.

కృష్ణానగర్_కుర్రాడు:

నేను వేరే మాట చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోకండి. నేను సినిమా ఫీల్డ్‌లో పనిచేస్తున్నా, అసిస్టెంట్ డైరెక్టర్‌ని. పేరు చెప్పను గానీ నేను పనిచేసిన ఒక సినిమా ఆడలేదు. రెండేళ్ళ కష్టం. మొదటి ఆట ఇంటర్వెల్ కాకముందే ట్రోల్ పోస్టులు వచ్చేశాయి. హీరోయిన్ ముఖం మీద, డైరెక్టర్ యాస మీద, ఇష్టం వచ్చినట్టు. ఆ అమ్మాయి వారం రోజులు ఫోన్ ఎత్తలేదు. అందుకే చెత్త సినిమాల మీద నవ్వే షో అంటే నాకు మనసు ఒప్పదు. చెత్త సినిమా తియ్యాలని ఎవడూ తియ్యడు. తెల్లవారుజామున కృష్ణానగర్ సెంటర్లో షూటింగ్ బండి కోసం నిలబడే జూనియర్ ఆర్టిస్టులని ఒక్కసారి చూడండి, తర్వాత నవ్వండి.

సర్వో_చెల్లెలు:

అన్నా, మీ బాధ నిజమైనదే. ముఖాల మీద, యాస మీద పడేవాళ్ళని నేనూ సమర్థించను, ఈ షోలో కూడా నటుల ఆకారం మీద వేసిన కొన్ని జోకులు ఈ రోజు వింటే నాకు ఇబ్బందిగానే ఉంటుంది. కానీ మానోస్ సంగతి మీరు వినాలి.

టెక్సస్‌లో ఎల్ పాసో అనే ఊళ్ళో హ్యారల్డ్ వారెన్ అని ఒక ఎరువుల సేల్స్‌మన్ ఉండేవాడు. హారర్ సినిమా తియ్యడం అంత కష్టమేమీ కాదు, నేనూ తీస్తానని పందెం కట్టి మరీ తీశాడు. చేతిలో ఉన్నది తాళం తిప్పితే నడిచే 16 ఎంఎం కెమెరా, ఒక్క షాట్ 32 సెకన్లు మించి రాదు. సెట్లో సౌండ్ రికార్డు చెయ్యలేదు, తర్వాత కొద్దిమందే కూర్చుని అందరికీ డబ్బింగ్ చెప్పేశారు. 1966లో ఆ ఊళ్ళోనే విడుదలైతే జనం పగలబడి నవ్వారు. అందులో నటించిన ఏడేళ్ళ పాప జాకీ, తెర మీద తన నోట్లోంచి ఎవరిదో గొంతు రావడం విని ఏడ్చేసింది. ఆ తర్వాత పాతికేళ్ళకి పైగా ఆ సినిమాని లోకం పూర్తిగా మర్చిపోయింది.

1993లో ఈ షో దాన్ని వేసింది. ఆ తర్వాతే దానికి ప్రాణం వచ్చింది. 2011లో దాని అసలు వర్క్‌ప్రింట్, అంటే ఎడిటింగ్ కోసం వాడిన కాపీ, దొరికితే, శుభ్రం చేసి కాపాడుకోవడానికి అభిమానులు చందాలేసుకున్నారు, ఇప్పుడు బ్లూరే కూడా ఉంది. ఆ పాప జాకీ నేమన్ జోన్స్ పెద్దయ్యాక ఆ సినిమా గురించి పుస్తకం రాసింది, అభిమానుల మధ్యకి వచ్చి సంతోషంగా మాట్లాడింది. నవ్వారు, నిజమే. కానీ నవ్వినవాళ్ళే దాన్ని బతికించారు. మీ సినిమాని ట్రోల్ చేసినవాళ్ళలో ఒక్కడైనా దాన్ని చివరిదాకా చూశాడా? వీళ్ళకీ వాళ్ళకీ తేడా నాకు అక్కడ కనిపిస్తుంది.

కృష్ణానగర్_కుర్రాడు:

ఆ పాప సంగతి నాకు తెలియదమ్మా. చూస్తాను. కానీ ఒక్కటి, పాతికేళ్ళ తర్వాత నవ్వడం వేరు, రిలీజ్ రోజు నవ్వడం వేరు. ఆ పాతికేళ్ళ దూరం ఉంటే నాకూ అభ్యంతరం లేదు. రిలీజ్ రోజున మా సినిమా మీద ఎంతోమంది ఇళ్ళు ఆధారపడి ఉంటాయి. ఈ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

నేల_టికెట్:

ఇది ఒప్పుకోవాల్సిన మాటే అన్నా. కేటీఎంఏ కూడా తన దగ్గర అప్పటికే హక్కులున్న పాత సినిమాలతోనే మొదలుపెట్టింది, కొత్త రిలీజుల జోలికి పోలేదు.

అమీర్‌పేట్_క్యాసెట్:

ఆలస్యంగా వచ్చాను. ఎవరూ హక్కుల గురించి వివరంగా మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతా, ఎందుకంటే తెలుగులో ఇలాంటి షో ఎందుకు లేదు అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. మనవాళ్ళకి హాస్యం తక్కువై కాదు. ఆ షోలో సినిమా మొత్తం వేస్తారు, అంటే సినిమా హక్కులు కొనాలి, గడువు అయిపోతే ఎపిసోడ్ అమ్మడానికి లేదు. 2006లో గాడ్జిల్లా సినిమా ఉన్న ఒక డీవీడీ సెట్‌ని అమ్మకం మొదలయ్యాక వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అందుకే అభిమానులు ఇంట్లో రికార్డు చేసుకున్న టేపులే చాలాకాలం ఆ షోని మోశాయి, అలా టేపులు పంచుకుంటూ ఉండమని ఎపిసోడ్ చివర పేర్లలో వాళ్ళే వేసేవాళ్ళు. ఆ బంధం ఎంత గట్టిదంటే, 2015లో జోయెల్ కొత్త సీజన్ కోసం జనాన్ని డబ్బులడిగితే 48 వేల మందికి పైగా కలిసి 57 లక్షల డాలర్ల పైన ఇచ్చారు. ఆ ఎపిసోడ్లే 2017లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాయి.

తెలుగులో చెయ్యాలంటే దారి ఉంది. ఈ షోలో పనిచేసిన మైక్ నెల్సన్, కెవిన్ మర్ఫీ, బిల్ కార్బెట్ 2006 నుంచి రిఫ్‌ట్రాక్స్ పేరుతో చేస్తున్నది చూడండి. మొదట్లో వాళ్ళు సినిమాని అమ్మలేదు, కామెంట్ల ఆడియో ఒక్కటే అమ్మారు. సినిమా మీ దగ్గర ఉంటే మీరే పెట్టుకోండి, ఆడియో పక్కన నడపండి, అంతే. సినిమా చూపించనప్పుడు సినిమా హక్కులు కొనక్కర్లేదు. మన కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 విమర్శకీ, సమీక్షకీ కొంత చోటిస్తుంది గానీ దాన్ని నమ్ముకుని సినిమా మొత్తం యూట్యూబ్‌లో పెడితే స్ట్రైక్ పడుతుంది. ఎనభైల్లో వచ్చి వెళ్ళిపోయిన మన సినిమాలు ఎన్ని ఉన్నాయి! నిర్మాతల ఛానళ్ళే వాటిని యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టాయి. ఆ లింక్ ఇచ్చి మన ఆడియో మనం వదిలితే నిర్మాతకి కూడా వ్యూస్ వస్తాయి. కృష్ణానగర్ అన్న చెప్పిన పాతికేళ్ళ దూరం కూడా ఉంటుంది. రాయడానికి ఎవరైనా ముందుకొస్తే నా దగ్గర మైకులున్నాయి, నిజంగా అంటున్నా.

బాల్కనీ_సీటు:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. చెల్లెమ్మా, నువ్వు చెప్పినట్టే స్ప్రింగుల షార్ట్ ముందు, తర్వాత మిచెల్. ఆఫీసువాళ్ళకి ఇక నుంచి మానోస్ కథే చెప్తా. అమీర్‌పేట్ అన్నా, రాయడానికి నేను రెడీ, ముందు ఏ సినిమా తీసుకోవాలో కలిసి కూర్చుని చూద్దాం. బంజారాహిల్స్ లామకాన్‌లో చాయ్ తాగుతూ మాట్లాడుకోవచ్చు, శనివారం సాయంత్రం ఎవరెవరు వస్తారు? కృష్ణానగర్ అన్నా, మీరు తప్పకుండా రావాలి, ఏ జోక్ దాటుతోందో మాకంటే మీకే బాగా తెలుస్తుంది.

కృష్ణానగర్_కుర్రాడు:

శనివారం షూటింగ్ ఉంది. ఆదివారం పొద్దునైతే వస్తా.

సర్వో_చెల్లెలు:

ఆదివారం పొద్దున నాకూ ఓకే. అన్నా, ఒక్కమాట మర్చిపోయా, షో వాళ్ళ సొంత యూట్యూబ్ ఛానల్లో చాలా ఎపిసోడ్లు ఉచితంగానే ఉన్నాయి, సబ్‌టైటిల్స్ ఆన్ చేసి పెట్టండి, సర్వో మాటలు మొదట్లో చెవికి అందవు.