సిడ్నీ రేవు, 1942 మే 31 రాత్రి: లూప్ రికార్డులో దిశ ఎలా చదవాలి?

జపాన్ బుల్లి జలాంతర్గాములు సిడ్నీ రేవులోకి చొరబడిన రాత్రికి సమయ పట్టిక వేస్తుంటే ఒకచోట చిక్కుపడింది. నౌకాదళ చరిత్ర తెలిసినవారు సాయం చేయండి.

సముద్రం అడుగున పరిచిన కేబుల్ లూప్ మీదుగా ఇనుప ఓడ వెళ్తే, దాని అయస్కాంతత్వం వల్ల పుట్టే సన్నని కరెంటును ఒడ్డున గీతగా నమోదు చేసేవారు. రాత్రి 8.01కి మొదటి జలాంతర్గామి (ఎం-14) దాటినప్పుడు గీత పడింది. కానీ ఫెర్రీల రద్దీలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆ జలాంతర్గామి తర్వాత రేవుకు అడ్డంగా కట్టిన రక్షణ వలలో చిక్కుకుంది. 9.48కి ఎం-24 దాటింది. అర్ధరాత్రి దాటాక అది అమెరికన్ క్రూయిజర్ షికాగో మీదికి రెండు టార్పెడోలు వదిలింది. రెండూ గురి తప్పాయి. ఒకటి కుట్టబుల్ అనే పాత ఫెర్రీ కింద పేలి 21 మంది చనిపోయారు, రెండోది గార్డెన్ ఐలాండ్ ఒడ్డెక్కింది కానీ పేలలేదు.

1.58 నాటి గీతను ఎం-24 బయటికి పోవడంగా చెబుతారు. నా సందేహమల్లా ఇదే: లోపలికో బయటికో ఆ గీత ఆకారం ఒక్కటే చూసి చెప్పగలమా? లేక గస్తీ పడవల లాగ్‌తో పోల్చాల్సిందేనా?

ఇంకోటి, జపాన్ నౌకాదళం టోక్యో సమయం వాడేది, సిడ్నీ దానికి గంట ముందు. వేసవి సమయం మార్చి చివరికే ముగిసింది కాబట్టి, జపాన్ వైపు సమయాలకు ఒక్క గంట కలిపితే చాలు కదా?