వసంతంలో గూటి ఎదుట మాటు వేసి పిట్టలను ఫోటో తీయవచ్చునా?

తాటిపూడి సంచారి:
విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో తాటిపూడి జలాశయం చుట్టూ ఉన్న కొండల్లో ఫోటోలు తీసే మా మిత్రుల మధ్య ఒక వాదం ఎంతకీ తెగడం లేదు. వసంతంలో పికిలిపిట్టలు, తేనెపిట్టలు చేతికందే ఎత్తులోనే గూళ్ళు కడతాయి కనుక, వాటి ఎదుట ఆకుపచ్చని గుడ్డతో మాటు (మనవాళ్ళు హైడ్ అంటారు) వేసుకొని కూర్చోవచ్చునా, కూడదా? కూర్చోవచ్చుననే నేను అంటాను. కెమెరా పట్టుకొని చెట్టు వెంట చెట్టు తిరిగే మనిషి కన్నా, కనబడకుండా ఒకేచోట కూర్చున్న మనిషి వల్ల పిట్టకు బెదురు తక్కువ. ఇంగ్లండులో కియర్టన్ సోదరులు 1892లో గుడ్లున్న గూటిని ఫోటో తీశారు, తరువాత బోలు ఎద్దు బొమ్మలో దాగి కూడా తీశారు. ఈ కళ పుట్టిందే గూటి దగ్గర.

కొండదారి:
సంచారి గారూ, పుట్టింది గూటి దగ్గరే, కాని చల్లని దేశంలో. అక్కడ తల్లి లేచిపోతే గుడ్డు చల్లబడుతుందని భయపడతారు. మన జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో భయపడవలసింది ఎండకు. పొదుగు యంత్రాల్లో కోడిగుడ్లను 37.5 డిగ్రీల దగ్గర ఉంచుతారు. అంతకు రెండు మూడు డిగ్రీలు మించిన వేడి ఎక్కువసేపు తగిలితే లోపలి పిండం బతకదు. మిట్టమధ్యాహ్నం తల్లిపిట్ట గుడ్లపై కూర్చోక, రెక్కలు విప్పి నిలబడేది వాటిని వెచ్చబెట్టడానికి కాదు, నీడ పట్టడానికి. కొత్తగా మొలిచిన గుడ్డ గూడారాన్ని చూసి అది అరగంట దూరంగా కొమ్మ మీద ఆగిపోతే, లోపలున్న మనం కనబడలేదన్న తృప్తి గుడ్లకు ఎందుకూ పనికిరాదు.

పైగా అడ్డుగా ఉన్నాయని నాలుగు ఆకులు తుంచని ఫోటోగ్రాఫరు అరుదు. ఆ ఆకులే గూటికి గొడుగు, కాకి కంట పడకుండా కాపాడే తెర. ఇక చట్టం సంగతి: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు ఇచ్చిన నిర్వచనంలోనే పక్షుల గుడ్లను, గూళ్ళను కలవరపెట్టడాన్ని కూడా చేర్చింది. తుపాకీ లేకపోయినా అది వేటే అవుతుంది.

ఉద్దానం రైతు:
మాది పలాస వైపు జీడితోట. పిక్కలు ఏరే రోజుల్లో కూలివాళ్ళు పొద్దుటి నుంచి మాట్లాడుకుంటూ తిరుగుతున్నా, అదే చెట్టు మీద గూడున్న పికిలిపిట్ట వాళ్ళను పట్టించుకోదు. మనిషంటే కాదు, తనవైపే చూస్తూ కదలకుండా కూర్చున్నదంటేనే దానికి అనుమానం. గూటిని వదిలేసి, నీడలో వెడల్పాటి మట్టిమూకుడు నిండా నీళ్ళు పెట్టి దానికి ఎదురుగా మాటు వేసుకోండి. ఎండాకాలంలో పిట్టలే వస్తాయి.

తాటిపూడి సంచారి:
రైతు గారు చెప్పినది బాగుంది, కాని మూకుడు చుట్టూ పిట్టలు గుమిగూడడం కనిపెడితే జాలె డేగ కూడా అక్కడే కాపు వేస్తుంది. గూటి దగ్గర అపాయమని ఎరను ఒప్పుకోవడం న్యాయమా? ఎండ విషయంలో మాత్రం కొండదారి గారి మాటకు నా దగ్గర జవాబు లేదు. ఉదయం ఏడు గంటలలోపు ముగించి వచ్చేస్తే?

కొండదారి:
ఏడు గంటలకు మీరు మాటులోంచి బయటికి వచ్చే క్షణమే తల్లి ఎగిరిపోయే క్షణం కావచ్చు, కనుక గూటి విషయంలో ఆ మినహాయింపును కూడా నేను ఒప్పుకోను. డేగ భయం నిజమే; పొదకు దగ్గరగా, పిట్ట ఒక్క దూకులో దాక్కోగలిగే చోట మూకుడు పెట్టి, నీళ్ళు రోజూ మారిస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. నన్నడిగితే అంతకన్నా మేలైనది పండ్లు కాసిన మర్రి. కంసాలి పిట్ట, వంగపండు పిట్ట, గోరింక, పచ్చ పావురం వాటంతట అవే వస్తాయి, ఎర పెట్టారన్న మాట రాదు. మాటును కొన్ని రోజుల ముందే ఖాళీగా నిలిపి, గుడ్డ గాలికి రెపరెపలాడకుండా బిగించి, తెల్లవారకముందే లోపలికి వెళ్ళాలి. పట్టపగలు వెళ్ళక తప్పకపోతే ఇద్దరు వెళ్ళి ఒకరు బయటికి వచ్చేయడం పాత ఉపాయం. మాటు ఖాళీ అయిందని చాలా పిట్టలు నమ్మేస్తాయి, కాకి మాత్రం నమ్మదు. మర్రికొమ్మల్లోనే ఎక్కడైనా గూడు కనబడితే ఆ ఏడాదికి ఆ చెట్టును వదిలేయవలసిందే.

ఉద్దానం రైతు:
మర్రి మంచి మాటే. అది ఎవరి పొలం గట్టున ఉందో కనుక్కొని, ఆ ఆసామికి ఒక మాట చెప్పి వెళ్ళండి. తెల్లవారుజామున గుడ్డ గూడారంలో మనిషి కదిలితే మా ఊళ్ళో కర్రలు పట్టుకొని వస్తారు.