అంబాసిడర్: స్పీడ్ బ్రేకర్ దాటగానే పార్కింగ్ లైట్ల ఫ్యూజ్ పోతోంది, ఎక్కడ వెతకాలి?

పాతబండి_96
అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్, 1996 మోడల్, ప్రభుత్వ వేలంలో తీసుకున్న బండి. పార్కింగ్ లైట్ల ఫ్యూజ్ నిలవట్లేదు. ఇంటి ముందు ఆపి స్విచ్ వేస్తే ఎంతసేపైనా వెలుగుతాయి. రోడ్డెక్కి ఒకటి రెండు స్పీడ్ బ్రేకర్లు దాటగానే టెయిల్ లైట్లు, నంబర్ ప్లేట్ లైటు, మీటర్ లైట్లు అన్నీ ఒక్కసారే ఆరిపోతాయి. హెడ్‌లైట్లకు ఏమీ కాదు. వేస్తున్నది కంపెనీ చెప్పిన రేటింగ్ ఫ్యూజే. ఫ్యూజ్ తీసేసి లైట్ల వైపు క్లిప్పు నుంచి బాడీకి మల్టీమీటర్ పెడితే 0.5 ఓం చూపించి బజర్ మోగుతోంది. అంటే షార్టు ఉన్నట్టేనా? ఇంకోటి, బ్రేక్ తొక్కితే ఎడమవైపు వెనక ఇండికేటర్ కూడా మసగ్గా వెలుగుతోంది. రెండిటికీ కారణం ఒకటేనా?

హైవే_రాజు
30 ఆంప్స్ ఫ్యూజ్ వేసెయ్ బ్రో, మళ్ళీ పోదు.

తీగల_మాస్టారు
ఆ పని మాత్రం చెయ్యకండి. ఫ్యూజ్ పోదు, దాని బదులు వైరు పోతుంది. ముందు రెండు, వెనక రెండు, నంబర్ ప్లేటుది ఒకటి, తలా 5 వాట్లు. మీటర్ బల్బులు కలుపుకున్నా మొత్తం 30 వాట్లు, అంటే రెండున్నర ఆంప్స్. దానికి తగ్గట్టే సన్నటి వైరు వేస్తారు. 30 ఆంప్స్ పారితే కట్టలో పక్క వైర్లను కూడా కరిగించుకుంటూ పోతుంది.

మీటర్ చూపిన 0.5 ఓం షార్టు కాదు, బల్బులే. 5 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు 29 ఓంలు ఉంటుంది కానీ చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతే. అలాంటివి ఆరు పక్కపక్కన కలిస్తే అర ఓమే వస్తుంది. బల్బులు ఉంచి మీటర్ పెట్టి, షార్టు దొరికిందనుకుని డాష్‌బోర్డు విప్పేవాళ్ళు చాలామంది.

కాబట్టి ముందు ఈ లైన్లో ఉన్న బల్బులన్నీ తీయండి. వెనకవి డబుల్ ఫిలమెంట్ (బ్రేక్‌కి 21 వాట్లు, టెయిల్‌కి 5 వాట్లు) బల్బులు కదా, తీసినప్పుడు లోపల తెగిన ఫిలమెంట్ రెండోదాని మీద పడి ఉందేమో చూడండి. మీటర్ బల్బుల కోసం క్లస్టర్ (డాష్‌బోర్డులో మీటర్లన్నీ ఉండే పెట్టె) వెనక కనెక్టర్ లాగేస్తే చాలు. తర్వాత ఫ్యూజ్ స్థానంలో 12 వోల్టులు, 21 వాట్ల ఇండికేటర్ బల్బును హోల్డర్‌తో సహా రెండు క్లిప్పులకూ కలపండి. దాని వైరు రెండు మూడు మీటర్లు ఉంచుకుంటే బల్బును డిక్కీ దగ్గరికి తెచ్చుకుని చూసుకోవచ్చు. స్విచ్ వేయండి. బల్బు ఆరి ఉంటే లైను బాగున్నట్టు. నిండుగా వెలిగిందా, ఎక్కడో వైరు బాడీకి తగిలింది. అప్పుడు కూడా 1.75 ఆంప్స్ మించి పారదు కాబట్టి ఏదీ కాలదు, తీరిగ్గా వెతుక్కోవచ్చు.

మీది కుదుపుకి వచ్చే షార్టు. బల్బు మీద కన్నేసి వైర్ల కట్టను జానెడు జానెడు చొప్పున పట్టుకుని కదపండి. ఎక్కడ కదిపితే బల్బు వెలుగుతుందో అక్కడే ఉంది. ఒకచోట పట్టుబడిందని ఆగొద్దు, చివరిదాకా కదిపి చూడండి.

బ్రేక్ తొక్కితే ఇండికేటర్ వెలగడం వేరే జబ్బు, అది ఎర్త్ లేకపోవడం. బ్రేక్ బల్బు కరెంటుకి తిరిగి పోయే దారి లేక పక్కనున్న ఇండికేటర్ ఫిలమెంట్ గుండా పోతోంది. మీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి, బ్రేక్ తొక్కించి, హోల్డర్ బాడీకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య చూడండి. 0.2 దాటిందంటే ఎర్త్ స్క్రూ విప్పి, తుప్పు గీకి, ఇనుము మెరిసేదాకా ఉప్పు కాగితం పట్టి బిగించాల్సిందే. బిగించాక కాస్త గ్రీజు రాయండి, మళ్ళీ చిలుము పట్టదు.

డిక్కీడోర్
మాస్టారు చెప్పిన పద్ధతే సరైనది. అంబాసిడర్లో ఎక్కడ మొదలెట్టాలో నేను చెప్తాను.

మొదటి అనుమానం డిక్కీ మూత కీలు. నంబర్ ప్లేట్ లైటు మూత మీదే ఉంటుంది, దాని వైరు కీలు దగ్గర మూత ఎత్తిన ప్రతిసారీ వంగుతుంది. పైన చుట్టిన టేపు బాగానే కనిపిస్తుంది, లోపల తొడుగు పగిలి రాగి పోగులు పచ్చబడి ఉంటాయి. మూత మెల్లగా దించుతూ బల్బు చూడండి.

రెండోది డిక్కీ లోపల పక్క రేకు వెంట పోయే కట్ట. జాకీ, వీల్ స్పానర్ కట్టకుండా పడేస్తే గుంతల్లో దాన్నే కొడుతుంటాయి. ఎల్‌పీజీ కిట్ ఉందా? ఉంటే సిలిండర్ బ్రాకెట్ కింద నలిగిందేమో చూడాలి.

మీది వేలం బండి కాబట్టి మూడోది ముఖ్యం. పైన బుగ్గ ఉండేదా? 2017 మేలో ఎర్రబుగ్గలు తీసేశారు, బుగ్గ పోయినా వైరు రూఫ్ లైనింగ్‌లోనే ఉండిపోతుంది. ఎక్కడ అందితే అక్కడ జాయింట్ ఇచ్చి ఉంటారు, పార్కింగ్ లైన్ నుంచి తీసి ఉన్నా ఆశ్చర్యం లేదు. కోసిన మొన రేకుకి తగులుతుంటే సరిగ్గా ఇలాగే అవుతుంది.

స్టీరియో బయటిది అయితే దాని ఇల్యూమినేషన్ వైరు (పార్కింగ్ లైట్లతో పాటు స్టీరియో బటన్లను వెలిగించేది) కూడా చూడండి. సాధారణంగా నారింజ రంగు, తెల్ల గీతతో ఉంటుంది.

పాతబండి_96
బల్బులన్నీ తీశాక మీటర్ ఏమీ చూపించలేదు, టెస్ట్ బల్బు ఆరే ఉంది. డిక్కీ మూత ముప్పావు వంతు దించేసరికి ఒక్కసారి నిండుగా వెలిగి ఆరింది. నంబర్ ప్లేట్ లైటు వైరును కట్ట దగ్గర విడదీసి మూత ఎన్నిసార్లు దించినా మళ్ళీ వెలగలేదు. మిగతా కట్టంతా కదిపి చూశాను, ఏమీ లేదు. బుగ్గ వైరు ఉంది కానీ మొన ఎటూ తగలకుండా టేపు చుట్టి ఉంది. ఎడమ ఎర్త్ దగ్గర 1.4 వోల్టులు వచ్చింది, గీకి బిగించాక 0.05. ఇండికేటర్ వెలగడం ఆగింది. ఇప్పుడు కీలు దగ్గర వైరు చుట్టూ టేపు చుట్టేస్తే సరిపోతుందా?

తీగల_మాస్టారు
చాలదు. ఎండాకాలం డిక్కీ వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది, వానల్లో మళ్ళీ అదే కథ. వంగే భాగానికి అటూ ఇటూ జానెడు వదిలి పాత వైరు కోసేయండి. మధ్యలో 1 చదరపు మిల్లీమీటరు ఆటో వైరు, ఎక్కువ పోగులున్నది, వేయండి. ఇంటి వైరింగ్‌లో వాడే ఒంటి తీగ వద్దు, వంగి వంగి తెగుతుంది. జాయింట్లు కీలు మీదికి రాకూడదు. సోల్డర్ పెట్టిన చోట వైరు బిరుసెక్కి పక్కనే విరుగుతుంది. హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) ముందే ఎక్కించుకోండి, సోల్డర్ అయ్యాక గుర్తొస్తే లాభం లేదు. ఎర్త్ వైరు కూడా పక్కనే పోతుంటే రెండిటి జాయింట్లూ ఒకేచోట పడకుండా రెండంగుళాలు ఎడంగా పెట్టండి. బిగించే ముందు మూత పూర్తిగా ఎత్తి చూసుకోండి, అప్పుడు కూడా వైరు కాస్త వదులుగా ఉండాలి.

డిక్కీడోర్
రేకులోంచి వైరు దూరే కన్నానికి రబ్బరు గ్రామెట్ (కన్నం అంచుకి వేసే రింగు) ఉందో లేదో చూడండి. లేకపోతే కొత్త వైరూ అక్కడే కోసుకుపోతుంది. బుగ్గ వైరు ఎక్కడ జాయింట్ ఇచ్చారో కనుక్కుని అక్కడే విడదీయండి, పైన కరెంటు ఉన్న మొనని వదలొద్దు.