రాతి కమానుల అతుకుల్లోని సిమెంటు తీసి సున్నం నింపడం: మధ్యరాయి దగ్గర ఎలా?

హైదరాబాద్ పత్తర్‌గట్టి తరహా వరస కట్టడం: కింద దుకాణాలు, పైన నివాసాలు, ముందంతా గ్రానైట్ కమానులు. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నాటి పనితనం, చెడగొట్టకూడనిది.

అతుకుల్లో తర్వాత పూసిన సిమెంటు తేమను బయటికి పోనివ్వక, లోపలి పాత సున్నం పొడిపొడిగా రాలుతోంది. మిషన్ కట్టర్ రాయి అంచులు కొరికేస్తుంది కాబట్టి సుత్తి, ఉలితోనే, అతుకు వెడల్పుకు రెండింతల లోతు తీసి, కడిగి తడిపి, 1:3 సున్నం–ఇసుక నింపి, తడిగోనెలు కప్పడం వరకు స్పష్టమే.

చిక్కంతా కమాను మధ్యరాయి దగ్గర. దాని రెండు పక్కలా ఒకేసారి తీస్తే రాయి జారొచ్చు. ఎన్ని అతుకులు వదిలి ఒకటి తీయాలి? కింద దుకాణం నడుస్తుండగా ఆసరా ఎక్కడ నిలపాలి? వానకాలం ముందు చేస్తే సుర్ఖీ (ఇటుక పొడి) ఏ పాళ్లలో కలపాలి?

ఇంకొకటి: దుకాణాల పేరు బోర్డుల ఇనుప బోల్టులు తుప్పుపట్టి ఉబ్బి రాయిని చీలుస్తున్నాయి. తీశాక ఆ రంధ్రాలు దేనితో పూడ్చాలి? సున్నం పని చేసిన మేస్త్రీలు దయచేసి చెప్పండి.